వెనక సీటు కింది సంగతులు

ఇవాళ కారు కబుర్లు చెప్పుకుందాం. మైలేజీ ఎంతిస్తుంది, రీసేల్‌లో ఎంత పలుకుతుంది లాంటివి కావు. వెనక సీటు ఎత్తితే ఒక రేకు మూత కనిపిస్తుంది చూడండి, దాని కింద జరిగే పని గురించి. స్పీడు బళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు నలుగురు ఒకచోట చేరారంటే బానెట్ ఎత్తుతారు, టర్బో చూపిస్తారు, ఎగ్జాస్ట్ చప్పుడు వినిపిస్తారు, ఎన్ని హార్స్‌పవర్ అని ఒకరినొకరు అడుగుతారు. వెనక సీటు ఎత్తి చూపించేవాళ్లు అరుదు. నాకేమో ఏ బండి చూసినా ముందు తెలుసుకోవాలనిపించేది అదే. ఇంధనం పంపు ఏది వేశారు, దానికి కరెంటు ఏ దారిన వస్తోంది, ఆ తీగ ఎంత లావుంది? పవర్ పెంచిన ఇంజన్ నిలుస్తుందా పోతుందా అన్నది అక్కడే తేలుతుందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెడుతున్నాను.

మాట్లాడుకోవడానికి ఒక బండి ఉండాలి కాబట్టి సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ తీసుకుందాం. అమెరికాలో 2004 మోడల్ నుంచి 2021 మోడల్ దాకా అమ్మిన కారు. రెండున్నర లీటర్ల టర్బో ఇంజన్. సిలిండర్లు అటు రెండు, ఇటు రెండు అడ్డంగా పడుకుని ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చే పవర్ అటూ ఇటూగా 300 హార్స్‌పవర్. షికాగో చుట్టుపక్కల, నేపర్‌విల్ వైపూ షామ్‌బర్గ్ వైపూ మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు కదా, వాళ్లలో ఉద్యోగం కుదురుకోగానే సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటి బండి చూసుకునే కుర్రాళ్లు కొందరుంటారు. ఆ ప్రాంతానికి ఇంకో వెసులుబాటు ఉంది. మొక్కజొన్న పండే రాష్ట్రాలు కాబట్టి ఈ85 అమ్మే బంకులు తేలిగ్గా దొరుకుతాయి.

ఈ85 అంటే మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్ ఎక్కువ, పెట్రోలు తక్కువ కలిసిన ఇంధనం. పేరులో 85 ఉన్నా, అమెరికాలో ఇథనాల్ శాతం ఋతువునీ ప్రాంతాన్నీ బట్టి 51 నుంచి 83 దాకా మారుతుంది. చలికాలంలో బండి తేలిగ్గా స్టార్ట్ అవ్వాలని పెట్రోలు పాలు పెంచుతారు. టర్బో బండికి ఇది అమృతం. ఆక్టేన్ ఎక్కువ, పైగా ఆవిరయ్యేటప్పుడు లోపలికెళ్లే గాలిని బాగా చల్లబరుస్తుంది. దాంతో ఇంజన్ కొట్టుకోకుండానే (నాక్ అవ్వకుండానే) బూస్ట్, అంటే టర్బో గాలిని నెట్టే ఒత్తిడి, పెంచుకోవచ్చు, స్పార్క్ ముందుకు జరుపుకోవచ్చు. అయితే ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండొంతులే. పెట్రోలుకి గాలీ ఇంధనం బరువు లెక్కన 14.7కి 1 పాళ్లలో కలిస్తే, ఈ85కి దాదాపు 9.8కి 1 కావాలి. అంటే అదే గాలికి బరువు లెక్కన దాదాపు 50 శాతం, లీటర్ల లెక్కన 40 శాతానికి పైగా ఎక్కువ ఇంధనం పోయాలి. ఆ ఎక్కువంతా ఎక్కడినుంచి రావాలి? ట్యాంకులో మునిగి కూర్చున్న ఆ అరచేయంత పంపు నుంచే రావాలి.

ఒక్కసారి లెక్క వేద్దాం, కాగితం అక్కర్లేదు. ఇంజన్ 400 హార్స్‌పవర్ ఇవ్వాలనుకోండి. టర్బో ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 0.65 పౌండ్ల పెట్రోలు తాగుతుందని ట్యూనర్లు లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన గంటకి 260 పౌండ్లు, మన కొలతలో 118 కిలోలు, లీటర్లలో 158. ఈ85 అయితే 225 లీటర్ల దాకా వెళ్తుంది. ‘అన్నా, గంటకి 255 లీటర్ల పంపు దొరుకుతోంది కదా, సరిపోయినట్టేగా’ అని కుర్రాళ్లు వెంటనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ 255 అనే అంకె వెనక రెండు షరతులుంటాయి. ఒకటి, ఎదురు ప్రెషర్ 40 పీఎస్‌ఐ ఉండాలి. రెండు, పంపు దగ్గర 13.5 వోల్టులు ఉండాలి. ఈ రెండు షరతులూ మనం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన క్షణంలోనే తప్పుతాయి.

ప్రెషర్ సంగతి ముందు చూద్దాం. ఎస్‌టీఐలో ఇంజెక్టర్ ఇంటేక్ పైపులోకి చిమ్ముతుంది. అక్కడ టర్బో 20 పీఎస్‌ఐ బూస్ట్‌తో గాలి నెడుతుంటే, ఇంజెక్టర్ ఆ గాలికి ఎదురు చిమ్మాలి. అందుకే ఇంధనం ప్రెషర్‌ని నిలిపే రెగ్యులేటర్‌కి ఇంటేక్ నుంచి ఒక సన్న గొట్టం పెట్టి, బూస్ట్ ఎంత పెరిగితే ఇంధనం ప్రెషర్ కూడా అంతే పెరిగేలా చేస్తారు. మామూలుగా 43.5 పీఎస్‌ఐ ఉండేది, 20 బూస్ట్‌లో 63.5 అవుతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసే లీటర్లు తగ్గుతాయి, అది తాగే కరెంటు పెరుగుతుంది. సరిగ్గా ఎక్కువ కావాల్సినప్పుడే తక్కువ వస్తుందన్నమాట. పెద్ద పంపులు, అంటే 450 లీటర్ల తరహావి, ఆ ప్రెషర్ దగ్గర 15 నుంచి 20 ఆంపియర్లు లాగుతాయి. కంపెనీ పంపుని చూసుకుని వేసిన తీగ అంత మోయడానికి వేసింది కాదు.

ఇక వోల్టేజీ. ఇది మీకు నేను చెప్పాలా? ఎండాకాలం సాయంత్రం లో వోల్టేజీలో బోరు మోటారు వేస్తే ఏమవుతుందో మన ఇళ్లలో చూడనివాళ్లెవరు? మోటారు మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది, పై ట్యాంకులోకి నీళ్లు మాత్రం ఎక్కవు. కారులో పంపు పరిస్థితీ అదే. తేడా ఏమిటంటే, ఇంట్లో నీళ్లు రాకపోతే బకెట్‌తో సరిపెట్టుకుంటాం. ఇంజన్‌లోకి ఇంధనం తగ్గితే గాలి ఎక్కువైపోయి మంట వేడెక్కిపోతుంది, ఇంజన్ కొట్టుకోవడం మొదలవుతుంది, పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు విరుగుతుంది. ఈ సుబారు ఇంజన్లలో అది అందరికీ తెలిసిన బలహీనతే. సెకన్లలో జరిగిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగేలోపే.

ఎంత వోల్టేజీ దారిలో పోతుందో చూడండి. బ్యాటరీ ముందు బానెట్ కింద ఉంది, పంపు వెనక ఉంది. తీగ తిరిగి తిరిగి వెళ్లేసరికి ఐదు మీటర్లు అనుకుందాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 15 ఆంపియర్లు వెళ్తే ఆ ఐదు మీటర్లలోనే 1.3 వోల్టులు పోతాయి. అదే నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.33 వోల్టులే. కనెక్టర్లు, పాత రిలే, ఎర్త్ తీగ తినేవి దీనికి అదనం. ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తుంటే పంపు దగ్గర 12 కూడా కనిపించని బళ్లున్నాయి. అలాంటి బండిలో ఇంకా పెద్ద పంపు వేస్తే అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలో ఇంకా ఎక్కువ వోల్టులు పోతాయి, తీగా కనెక్టరూ వేడెక్కుతాయి. ఒకసారి ఒక బండి వెనక సీటు ఎత్తి ట్యాంకు మూత మీది కనెక్టర్ ఊడదీస్తే, తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ బెల్లం రంగులోకి తిరిగి, కొంచెం కుంగి ఉంది. మిగతా పిన్నులన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. పంపు బాగానే ఉంది, ఇంజెక్టర్లు ఖరీదైనవే, ట్యూనింగ్ కూడా అనుభవమున్న మనిషి చేసిందే. ఆ ఒక్క పిన్ను దగ్గర ఆగిపోయింది కథంతా.

అందుకని కొత్త పంపుకి కొత్త కరెంటు దారి వేయాలి. అది ఎలాగో చెప్తాను, ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. బ్యాటరీ ప్లస్ నుంచి లావు తీగ ఒకటి నేరుగా వెనక్కి తీసుకెళ్లాలి. బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు పంపుని కాపాడ్డానికి అని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తీగని. ఫ్యూజుకి ముందున్న తీగ ఎక్కడైనా రేకుకి ఒరుసుకుని షార్ట్ అయితే ఆపే దిక్కు ఉండదు, అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇంజన్ గదికీ లోపలికీ మధ్య గోడలో తీగ దూరే కంతకి రబ్బరు గ్రొమెట్ తప్పనిసరి. లోపల కార్పెట్ కింద, డోరు అంచు వెంట, కంపెనీ తీగల కట్టతో పాటే తీసుకెళ్లి ప్రతి జానెడుకీ కట్టాలి.

వెనక, పంపుకి దగ్గర్లో, రిలే, అంటే చిన్న సంకేతంతో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్చి. దాని కాళ్ల మీద అంకెలుంటాయి: 30, 85, 86, 87. ఏ దేశంలో కొన్నా ఈ అంకెలకి అర్థం ఒకటే కావడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. 30కి బ్యాటరీ తీగ, 87 నుంచి పంపుకి. 86కి బండి కంప్యూటర్ ఇచ్చే సంకేతం, 85కి ఎర్త్. లోపల డయోడు ఉన్న రిలే అయితే 86, 85 తారుమారు చేయకూడదు. ఆ సంకేతం సంగతి బాగా వినండి. తేలిగ్గా అయిపోతుందని తాళం చెవి తిప్పగానే వచ్చే పన్నెండు వోల్టులకి కలిపేసేవాళ్లున్నారు. అలా చేస్తే ఇంజన్ ఆగినా పంపు ఆగదు. ప్రమాదంలో బండి బోల్తా పడి, పైపు తెగి ఉంటే? ఇంజన్ తిరగడం లేదని గమనించి కంప్యూటర్ పంపుని ఆపేసే ఏర్పాటు కంపెనీవాళ్లు ప్రాణాల కోసం పెట్టింది. మనం వేసే రిలే కూడా ఆ ఆజ్ఞకి లోబడే ఉండాలి. దీంట్లో నేను ఎవరితోనూ రాజీ పడను.

ఎస్‌టీఐలో ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పంపుకి అన్నివేళలా పూర్తి కరెంటు వెళ్లదు. మధ్యలో ఒక కంట్రోలర్ ఉంటుంది. ఇంజన్ అవసరాన్ని బట్టి కరెంటుని గబగబా ఆపి వదులుతూ 33 శాతం, 66 శాతం, 100 శాతం అని మూడు మెట్లలో నడుపుతుంది. ఆ తెగి తెగి వచ్చే కరెంటుని మన రిలేకి సంకేతంగా ఇస్తే రిలే టకటకా కొట్టుకుని కాంటాక్టులు కాలిపోతాయి. కాబట్టి కంట్రోలర్ తర్వాత నుంచి కాకుండా, కంట్రోలర్‌కి కరెంటు వచ్చే తీగ నుంచి సంకేతం తీసుకోవాలి. పంపు తిరగాల్సినంతసేపూ అక్కడ నిలకడగా పన్నెండు వోల్టులుంటాయి, కంప్యూటర్ ఆపితే ఆగుతాయి. అయితే అప్పుడు పంపు ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. ఐడిల్‌లో ఇంజన్‌కి అక్కర్లేని ఇంధనమంతా వెనక్కి ట్యాంకుకి రావాలి. పంపు మరీ పెద్దదైతే కంపెనీ రెగ్యులేటర్ అంత మోతాదుని వదల్లేక ప్రెషర్ పైకి పాకుతుంది. అప్పుడు పెద్ద రెగ్యులేటర్, వెడల్పాటి రిటర్న్ పైపు కూడా కావాలి. ఒకటి మారిస్తే రెండోది అడుగుతుంది, ఈ పని స్వభావమే అంత.

ఎర్త్‌ని చాలామంది పట్టించుకోరు. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా, ఆ తీగ కూడా అంతే లావుండాలి. బాడీ మీద రంగు గీకి, మెరిసే లోహం కనిపించాక లగ్గు పెట్టి బోల్టు బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజో రంగో పూయాలి. అతుకుల దగ్గర సోల్డర్ మేలా క్రింపింగ్ మేలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. నా ఓటు మంచి క్రింపింగ్ పానాకే. సోల్డర్ తీగ పోగుల్లోకి పాకి అక్కడ గట్టిపడిపోతుంది, కదిలే బండిలో ఆ గట్టి భాగం ముగిసేచోట తీగ విరుగుతుంది. క్రింప్ చేసి, లోపల జిగురున్న స్లీవు వేడిచేసి తొడిగితే చాలు. లాగి చూడండి, ఊడి రాకూడదు.

ట్యాంకు లోపలి సంగతి పూర్తిగా వేరు. పంపు పెట్రోలులోనే మునిగి ఉంటుంది. పెట్రోలు దాని మోటారు లోపలి నుంచే ప్రవహించి దాన్ని చల్లబరుస్తుంది. బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు లేస్తున్నా గాలి లేదు కాబట్టి అంటుకోదు. ఎప్పుడు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే! కానీ అక్కడ వాడే ప్రతి వస్తువూ పెట్రోలులో నానేందుకు తయారైనదే అయి ఉండాలి. పెట్రోలు పైపే కదా అని మామూలు రబ్బరు పైపు ముక్క పంపుకి తొడిగితే, అది లోపలి నుంచి పెట్రోలుని తట్టుకుంటుంది గానీ బయటి నుంచి నానడానికి చేసింది కాదు. ఉబ్బి, మెత్తబడి, బూస్ట్‌లో పగులుతుంది. మునిగి ఉండేందుకు చేసిన పైపు వేరు, దాని మీద జే30ఆర్10 అని ముద్ర ఉంటుంది. వేలెడు పొడవు ముక్కకి కూడా ఖరీదెక్కువే. కొనండి, ఇక్కడ పీనాసితనం వద్దు. తీగ పైపొర కూడా అంతే. మామూలు పీవీసీ పెట్రోలులో నాని గట్టిపడి చిట్లుతుంది. పైగా ఇథనాల్ పెట్రోలుకన్నా ఎక్కువగా కరెంటుని పోనిస్తుంది, తేమనీ పీల్చుకుంటుంది. కప్పు లేని టెర్మినళ్లు అందులో తుప్పుపట్టి అరిగిపోతాయి.

సుబారు ట్యాంకు ఆకారం కూడా తెలిసి ఉండాలి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి కాబట్టి మధ్యలో షాఫ్టుకి దారి వదిలి, ట్యాంకు దానికి రెండువైపులా జీనులా వాలి ఉంటుంది. పంపు ఒకవైపే ఉంది. రెండోవైపు పెట్రోలుని ఇటు లాగేది రిటర్న్‌లో వచ్చే ధార సాయంతో పనిచేసే చిన్న జెట్ పంపు. ఎవరైనా రిటర్న్ పైపుని కొత్త దారిలో నేరుగా ట్యాంకులో వదిలేశారా, ఆ జెట్ పంపు ఆగిపోతుంది. గేజి పావు ట్యాంకు ఉందంటుంటే బండి ఆగిపోతుంది, ఎందుకో అర్థం కాదు.

పని మొదలుపెట్టే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపితే పైపుల్లో ప్రెషర్ దిగుతుంది. తర్వాత బ్యాటరీ మైనస్ విప్పాలి. గ్యారేజీ తలుపులు బార్లా తెరవాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. మూలనున్న వాటర్ హీటర్ మంట దాకా వెళ్లగలదు. పెట్రోలు మంటలకి పనికొచ్చే అగ్నిమాపక సిలిండర్ చేతికందేచోట ఉండాలి. ట్యాంకు పావుకన్నా తక్కువ ఉన్నప్పుడు చేయడం సుఖం. ఇంజన్ గదిలో పైపులు, ఫిట్టింగుల గురించి ఎక్కువ చెప్పను. ఏఎన్ ఫిట్టింగుల మీద అంకె అంగుళంలో పదహారో వంతులన్నమాట. ఆరు అంటే మూడెనిమిదోవంతు అంగుళం, ఎనిమిది అంటే అరంగుళం. ఈ85కి లోపల పీటీఎఫ్‌ఈ పొర ఉన్న పైపు వేసుకుంటే నిశ్చింత.

ఇంజన్ స్టార్ట్ చేసే ముందు కీ ఆన్ చేసి ఆఫ్ చేసి, పంపు ఆ కాసేపు తిరిగినప్పుడల్లా ప్రతి అతుకూ వేలితో తడిమి చూడాలి. తడి ఉందా లేదా? అక్కడ తొందర పనికిరాదు. తర్వాత నాకిష్టమైన పరీక్ష. మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది పొడుగు తీగతో పంపు ప్లస్ మీద పెట్టి, పంపు తిరుగుతుండగా చూడండి. కనిపించేది దారిలో పోతున్న వోల్టేజీ. అలాగే బ్యాటరీ మైనస్‌కీ పంపు మైనస్‌కీ మధ్య. రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంటే పని బాగా జరిగినట్టే. ఎక్కువుంటే ముల్లు ఒక్కో అతుకూ దాటించుకుంటూ పోతే దొంగ ఎక్కడున్నాడో దొరుకుతాడు. ఇదే పరీక్ష కొత్త పంపు కొనే ముందు పాత తీగ మీద చేస్తే, కొందరికి పంపే అక్కర్లేదని, తీగ మారిస్తే చాలని తేలుతుంది కూడా.

ఇథనాల్ శాతం బంకు బంకుకీ మారుతుంది కాబట్టి ఇంధనం దారిలో ఒక సెన్సార్ పెడతారు. అది 50 హెర్ట్జ్ చూపిస్తే ఇథనాల్ సున్నా, 150 అయితే నూటికి నూరు. ఆ అంకెని చూసి కంప్యూటర్ మోతాదు మార్చుకోవాలంటే ట్యూనింగ్ కూడా దానికి తగ్గట్టు చేయించాలి. రోడ్డు మీద తిరిగే బండిలో పొగ నియంత్రణ పరికరాల జోలికి వెళ్లడాన్ని అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ఒప్పుకోదు. మన దగ్గరైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. మార్చిన బండిని తోలాలన్న ఆశ ఉన్నవాళ్లకి కోయంబత్తూరు కారీ ట్రాకు, చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉన్నాయి. ఇక మన బంకుల్లో ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మామూలైపోయింది కాబట్టి, ఏమీ మార్చని పాత బండి ఉన్నవాళ్లు కూడా ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న రబ్బరు పైపుల్ని ఒకసారి వంచి చూసుకోండి. చిట్లినట్టు కనిపిస్తే మార్పించండి.

చివరగా ఒకటి అడుగుతాను, కాదనకండి. పని అయ్యాక ఒక తెల్లకాగితం మీద తీగ ఎక్కడ మొదలైంది, ఫ్యూజు ఎక్కడుంది, ఎన్ని ఆంపియర్లది, రిలే ఏ మూల, సంకేతం ఏ రంగు తీగ నుంచి తీసుకున్నారు అన్నీ బొమ్మ గీసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. రిలే మీద కూడా ‘ఇంధనం పంపు’ అని చీటీ అంటించండి. రేపు ఆ బండిని కొనేవాడో, అర్ధరాత్రి హైవే పక్కన టార్చి వేసుకుని సీటు ఎత్తే మెకానిక్కో, ఎవరో ఒకరికి ఆ కాగితం కావాల్సి వస్తుంది.